అంతర్జాలమున మన పాఠశాల: పుటల కూర్పు, దారులు, దర్శనము

(వార్షికోత్సవ సభలో, విద్యార్థుల ప్రశ్నలకు సమాధానముగా చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మమ్ము రెండు మాటలు చెప్పుమని సంఘమువారు ఆజ్ఞాపించినారు. సాహిత్యమును గూర్చియో, మన పెద్దలు తెలంగాణపు పల్లెలనుండి షోలాపురమునకు వచ్చి మగ్గములు వేసికొనిన చరిత్రమును గూర్చియో చెప్పుటకు మాకంటె అర్హులు ఈ వేదికమీదనే ఉన్నారు. మేము ఈ బడిలో చదివి, మూడేండ్లుగా దీని వెబ్‌సైటు పనిని చూచుకొనుచున్న నలుగురము. కనుక మాకు తెలిసిన చిన్న పనిని గూర్చియే చెప్పెదము. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి పిల్లలు మాతో కూర్చుండి పేజీలు కట్టుట నేర్చుకొనినారు. వారడిగిన ప్రశ్నలే ఈ ప్రసంగమునకు ఆధారము. ప్రశ్నలు చిన్నవి, కాని వాటికి సమాధానము తెలియక మేము పొందిన నష్టము చిన్నది కాదు. ముందు ఆ నష్టమును చెప్పి, తరువాత ప్రశ్నలకు వచ్చెదము.

గత సంవత్సరము జూన్ మాసము గడచిన పిమ్మట, బీడీలు చుట్టి జీవించు ఒక తల్లి తన మరిది కొడుకుతో కూడ మన కార్యాలయమునకు వచ్చెను. ఆమె తన పెద్ద కూతును తెలుగు బడిలో చేర్పవలెనని తలచినది. మరిది కొడుకు ఫోనులో మన బడి పేరు తెలుగున వ్రాసి వెదకినాడు. ఏమియు దొరకలేదు. ఆమె మాతో అన్న మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది: "అన్నా, ఫోన్ల ఎంత దేవులాడినా మీ బడి పేరు రాలే. బడి ఉన్నదో, మూతపడ్డదో ఎవలనడగాలె? ఆఖరుకు పిల్లను ఇంటిపక్క బడిల ఏసినం." అప్పటికి మన వెబ్‌సైటు పుట్టి రెండేండ్లు దాటినది. ప్రవేశముల ప్రకటన అందులో ఉన్నదనియే మేము నమ్మియుంటిమి. మా కంప్యూటరులో అది చక్కగా కనబడుచునే యుండెను!

ఆ రాత్రి మేము నలుగురము కూర్చుండి పరీక్షించితిమి. దోషములు నాలుగు దొరకినవి. నాలుగును మావియే. ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము చెప్పుచు వాటిని వరుసగా బయటపెట్టెదము.

మొదటి ప్రశ్న ఒక బాలిక అడిగినది: "వెబ్‌సైటు అనగా పుస్తకము వంటిదే కదా? మరి పేజీలకు సంఖ్యలు లేవేమి?" మంచి ప్రశ్న. 1989 లో జెనీవా చెంతనున్న సెర్న్ అను పరిశోధన సంస్థలో టిమ్ బర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు, అచ్చటి శాస్త్రజ్ఞుల పత్రములన్నిటిని ఒకదానితో నొకటి ముడివేయు పద్ధతి నొకదానిని ప్రతిపాదించెను. 1991 నాటికి మొదటి వెబ్‌సైటు వెలసినది. 1993 ఏప్రిల్ 30 న సెర్న్ సంస్థవారు ఆ పద్ధతిని రుసుము లేకుండ లోకమునకు ధారపోసినారు. అందుచేతనే మనవంటి చిన్న బడియు ఎవరి అనుమతియు కోరక ఈనాడు ఒక పుటను లోకము ముందు పెట్టగలుగుచున్నది. ఆయన ఊహలోని మూలసూత్రము ముడి, అనగా లింకు. పుస్తకమునకు మొదలు, తుద ఉన్నవి. పాఠకుడు ముఖపత్రము నుండి లోనికి వచ్చును. వెబ్‌సైటునకు అట్టి నియమము లేదు. పాఠకుడు వెదకుడు యంత్రము ద్వారా ఏ పుటమీదనైనను వచ్చి దిగవచ్చును. కనుక ప్రతి పుటయు తాను ఏ ఊరిలోని ఏ బడికి సంబంధించినదో, ఇచ్చటినుండి ఎటు పోవలెనో తానే చెప్పవలెను. సంచికలో పదిహేడవ పుటమీద బడి పేరు లేకున్నను చెల్లును, వెబ్‌సైటులో చెల్లదు.

రెండవ ప్రశ్న: "ఒక పేజీలో ఏ యే భాగములుండవలెను?" మన ఇండ్లలో మగ్గము నెరుగని బిడ్డ లేదు. మొదట పడుగు తోడి, బిగించి, పిదప పేక వేయుదురు. పడుగు సరిగా లేనిదే ఎంత మంచి రంగు నూలు వేసినను చాదరు నిలువదు. పుటకును పడుగున్నది. దానిని హెచ్‌టీఎంఎల్ అను గుర్తుల భాషలో వ్రాయుదురు. ఆ గుర్తులు పుటను రెండు పెద్ద భాగములుగా చేయును. మొదటిది కంటికి కనబడని తలభాగము. పుట పేరు, పుట ఏ అక్షరసంకేతములతో వ్రాయబడినది మొదలగునవి అందుండును. రెండవది కనబడు మేను. ఆ మేనిలో మరల పైభాగమున బడి పేరు, దాని క్రింద దారుల పట్టీ, నడుమ అసలు విషయము, అడుగున చిరునామా, ఫోను సంఖ్య, కార్యాలయ వేళలు. ఇంతకంటె బ్రహ్మవిద్య ఏమియు లేదు.

తలభాగములోని పేరును చాలమంది నిర్లక్ష్యము చేయుదురు. అది కంటికి పుటలో కనబడదు గాని, వెదకుడు ఫలితములలో పెద్ద అక్షరములతో సామాన్యముగా కనబడునది అదియే. మేము అన్ని పుటలకును "హోమ్" అను ఒకే పేరు పెట్టియుంటిమి. ఒక వీధిలోని ఇండ్లన్నిటికి ఒకే సంఖ్య వేసినట్లయినది. ఇప్పుడు ఒక పుటకు "ఒకటవ తరగతి ప్రవేశములు" అనియు, మరియొకదానికి "మధ్యాహ్న భోజనము, బడి వేళలు" అనియు, ప్రతిదానితోను బడి పేరు, ఊరి పేరు చేర్చి పెట్టితిమి.

శీర్షికల సంగతి మరియొకటి. గుర్తుల భాషలో శీర్షికలకు హెచ్ 1 మొదలు హెచ్ 6 వరకు ఆరు అంతస్తులు కలవు. పుట శీర్షిక మొదటి అంతస్తు. అందులోని విభాగములు రెండవది. వాటి ఉపవిభాగములు మూడవది. మా బాలురు అక్షరములను పెద్దవిగా, లావుగా చేసి "ఇదియే శీర్షిక" అనుకొనిరి. చూచువారికి అట్లే తోచును. కాని చూపులేనివారి ఫోను పుటను పైకి చదివి వినిపించును. వారు శీర్షిక నుండి శీర్షికకు దుముకుచు తమకు కావలసిన చోటికి పోవుదురు. లావు చేసిన అక్షరము ఆ యంత్రమునకు శీర్షిక కాదు, వట్టి మాటయే. అట్లే ప్రతి బొమ్మకు, అది ఏమి చూపుచున్నదో తెలుపు ఒక వాక్యమును లోపల వ్రాసి ఉంచవలెను. పుట తెలుగున నున్నదని తెలుపుటకు భాష గుర్తు నొకదానిని పెట్టవలెను. అది టీ, ఈ అను రెండు అక్షరములే. అది యుండిననే చదువు యంత్రము తెలుగు మాటను తెలుగు ఉచ్చారణతో పలుకుటకు వీలగును.

ఇక మూడవ ప్రశ్న. అందరును అడుగునది, మేమును ఒకప్పుడు తలపట్టుకొని కూర్చున్నది: "పేజీ వ్రాసినాము. మాకు కనబడుచున్నది. ఇతరులకు కనబడదేమి?"

మన సైటు వర్డ్‌ప్రెస్ అను సాధనముతో కట్టబడినది. 2003 లో పుట్టిన ఈ సాధనమును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును. ఇందులో వ్రాసిన ప్రతిదానికి ఒక స్థితి యుండును. చిత్తుప్రతిగా నున్నది లోకమునకు కనబడదు. తేదీ పెట్టి ఆపినది ఆ తేదీ వచ్చువరకు కనబడదు. ప్రైవేటు అని గుర్తించినది, లోనికి ప్రవేశించిన నిర్వాహకులకు మాత్రమే కనబడును. ప్రచురించినది అందరికిని కనబడును. మా మొదటి దోషము ఇచ్చటనే యున్నది. ప్రధానోపాధ్యాయులవారికి ముందుగా చూపవలెనని ప్రవేశముల పుటను ప్రైవేటుగా పెట్టితిమి. వారు చూచి సరియనినారు. మేము స్థితిని మార్చుట మరచితిమి. మా కంప్యూటరులో మేము ఎల్లప్పుడు లోపలనే యుంటిమి గనుక ఆ పుట మాకు నిత్యము దర్శనమిచ్చుచునే యున్నది. ఇంటివాడు తాళము వేసికొని లోపల కూర్చుండి, చుట్టములు రాలేదని చింతించినట్లు!

కనుక పిల్లలకు మేము చెప్పిన మొదటి నియమము: పని ముగిసిన పిదప మీ కంప్యూటరులో చూడకుడు. బడితో సంబంధము లేని పొరుగింటి అక్క ఫోనులో చూడుడు. అది దొరకనిచో రహస్య కిటికీ తెరచి చూడుడు. మార్చిన తరువాతను పాతదే కనబడుచున్నచో, ఫోను దాచుకొనిన పాత ప్రతిని చూపుచున్నదేమో యని పుటను మరల తెప్పించి చూడుడు.

ఇందులోనే ఒక ఉపప్రశ్న కలదు: "ప్రచురించితిమి గాని మొదటి పుటలో రాలేదేమి?" వర్డ్‌ప్రెస్‌లో వ్రాతలు రెండు విధములు. పోస్టు అనునది వార్త వంటిది. తేదీ ప్రకారము క్రొత్తది పైకి, పాతది క్రిందికి పోవును. పేజీ అనునది స్థిరమైనది. బడి చరిత్రము, ప్రవేశ నియమములు, చిరునామా వంటిది. పేజీ తనంతట తాను వార్తల వరుసలోనికి రాదు. మొదటి పుటలో వార్తల వరుస యుండవలెనా, ఒక స్థిరమైన పుట యుండవలెనా యని మనము నిర్ణయించి చెప్పవలెను. మేము వార్తల వరుసను పెట్టియుంటిమి. అందుచేత క్రీడోత్సవము, పతాకవందనము, నాటక ప్రదర్శనము పైకి వచ్చినవి. బిడ్డను చేర్పవచ్చిన తల్లికి కావలసినది మాత్రము ఎచ్చటను లేదు. ఇప్పుడు స్థిరమైన పుటను మొదట నుంచి, వార్తలను దాని క్రిందికి చేర్చితిమి.

నాలుగవ ప్రశ్న దారులను గూర్చినది. "మెనూలో ఎన్ని పేర్లుండవలెను?" ప్రచురించిన పేజీకి దారి వేయనిచో అది ఊరి వెలుపల గుడి వంటిది; తెలిసినవాడే పోవును. ప్రత్యేకముగా ఏర్పాటు చేసిననే తప్ప క్రొత్త పేజీ మెనూలో తానై చేరదు. ఇది మా రెండవ దోషము. స్థితి మార్చిన పిదపను ఆ పుటకు మేము ఏ దారియు వేయలేదు.

మెనూకు సంఖ్యానియమము లేదు గాని, ఫోను తెరమీద ఒక్కచూపులో చదువగలిగినన్ని మాత్రమే యుండుట మేలు. మన వాడలలో కంప్యూటరు గల ఇల్లు అరుదు. ఫోను లేని ఇల్లు అంతకంటె అరుదు. ఫోనులో మెనూ మూడు గీతల గుర్తు వెనుక దాగియుండును. ఆ గీతలను నొక్కవలెనని తెలియనివారు మన పెద్దలలో చాలమంది ఉన్నారు. అందుచేత ముఖ్యమైన దారులను పుట నడుమను మరల వ్రాయవలెను. దారికి పెట్టు పేరు అది పోవు చోటును చెప్పవలెను. "ఇక్కడ నొక్కుడు" అనిన ఎచ్చటికి పోవుదుమో తెలియదు. "ప్రవేశ పత్రము" అనిన తెలియును. మేము మొదట "విద్యాసౌరభము", "జ్ఞానవాటిక" అని ఇంపైన పేర్లు పెట్టుకొంటిమి. ఒక తండ్రి, "బాబూ, ఫీజు సంగతి ఏ వాటికలో ఉన్నది?" అని అడిగినప్పుడు సిగ్గుపడి వాటిని తీసివేసితిమి.

భాష విషయమున మన పరిస్థితి ప్రత్యేకమైనది. ఇంట తెలుగు మాటలాడుచు, మరాఠీ లిపిని మాత్రమే చదువగల తలిదండ్రులు మనలో ఎందరో కలరు. వారిని చిన్నబుచ్చుట మన పని కాదు. ప్రవేశముల పుటను తెలుగు, మరాఠీ, ఆంగ్ల భాషలలో మూడు వేర్వేరు పుటలుగా చేసి, ప్రతిదానిపైన మిగిలిన రెండింటికి దారి వేసితిమి. ఆ దారుల పేర్లను ఆ యా లిపులలోనే వ్రాసితిమి. మరాఠీ మాత్రమే చదువువానికి "మరాఠీ" అని తెలుగు లిపిలో వ్రాసి చూపిన ప్రయోజనమేమి?

మరియొక జాగ్రత్త. ఒకసారి పెట్టిన పుట చిరునామాను ఊరక మార్చరాదు. మార్చిన, పాత చిరునామాతో వచ్చినవానికి 404 అను సంఖ్య ఎదురగును. పుట దొరకలేదని దాని అర్థము. మార్చక తప్పనిచో పాత చిరునామా నుండి క్రొత్తదానికి మళ్లింపు పెట్టవలెను. ఇల్లు మారినప్పుడు పాత ఇంటి పొరుగువారితో చెప్పి వచ్చుట వంటిదిది.

అయిదవ ప్రశ్న: "అన్నియు సరిచేసినాము. గూగులులో ఎప్పుడు వచ్చును?" వెదకుడు యంత్రము మూడు పనులు చేయును. మొదట లింకులను పట్టుకొని పుటనుండి పుటకు తిరుగును. పిదప చదివినదానిని తన సూచికలో చేర్చుకొనును. ఎవరైనను వెదకినప్పుడు ఆ సూచిక నుండి తగినవానిని వరుసపెట్టి చూపును. సామాన్య ఫలితములలో చేరుటకు ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు. రుసుమడిగి ఫలితములలో మొదటి స్థానము ఇప్పింతుమని హామీ యిచ్చువారిని నమ్మకుడు. పుటల పట్టికను యంత్రమునకు సమర్పింపవచ్చును. ఇతరుల సైట్ల నుండి మనకు లింకులుండిన మేలు. కాని ఇన్ని దినములలో చేర్చుకొనుమని శాసింపలేము.

ఇచ్చట మా మూడవ దోషము. సైటు కట్టుచున్న కాలమున, సగము పని లోకమునకు కనబడరాదని, వెదకుడు యంత్రములు దీనిని సూచికలో చేర్చుకొనవలదని తెలుపు గడిలో టిక్కు పెట్టియుంటిమి. పని ముగిసినది; టిక్కు మిగిలినది. రెండేండ్లు మేమే యంత్రమును గుమ్మము నుండి త్రిప్పి పంపుచుంటిమి! ఈ నిషేధములలో రెండు రకములున్నవని పిల్లలు గుర్తుంచుకొనవలెను. రోబోట్స్ అను పేరుగల ఫైలు యంత్రమును లోనికి వచ్చి చదువవలదని చెప్పును. నోఇండెక్స్ అను గుర్తు, చదివినను సూచికలో చేర్చుకొనవలదని చెప్పును. మొదటిదానితో దారి మూసినచో రెండవ గుర్తును యంత్రము చదువనే లేదు. ఇతరుల లింకుల వలన ఆ చిరునామా ఫలితములలో కనబడవచ్చును కూడ.

ఆరవ ప్రశ్నయే మన సంఘమునకు ముఖ్యమైనది: "మా వ్యాసములు సైటులో ఉన్నవి. కాని వెదకిన రావేమి?" పిల్లలు వ్రాసిన వ్యాసములు, కథలు, మన పాత వార్షిక సంచికలు అన్నియు సైటులో పెట్టితిమి. కాని అవి ఏ రూపమున నున్నవి? కొన్ని ఫోటోలు. కొన్ని అచ్చుపనికి వాడు పాత ఫాంట్లతో కూర్చిన ఫైళ్లు. ఆ ఫాంట్లలో "క" అను అక్షరమునకు లోపల ఏదో ఆంగ్ల అక్షరపు సంకేతమే యుండును. పైన తొడిగిన ముసుగు మాత్రమే తెలుగు. ముసుగు తీసినచో అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. యంత్రమునకు కనబడునది అదియే. మనుష్యుని కంటికి తెలుగు, యంత్రపు కంటికి శూన్యము.

దీనికి మందు యూనికోడ్. 1991 లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణములోనే తెలుగునకు చోటు కలదు. తెలుగు లిపికై 128 స్థానములు కేటాయింపబడినవి. మన "క" కు ప్రపంచమంతట ఒకే సంకేతము. హైదరాబాదులో వ్రాసినను, బరంపురములో వ్రాసినను, యానాములో వ్రాసినను, ఇచ్చట షోలాపురములో వ్రాసినను అది అదే. రాష్ట్రపు ఎల్లలు దానికి లేవు. మన వంటి దూరపు తెలుగువారికి ఇది ఎంతటి భాగ్యమో ఆలోచింపుడు. మా నాలుగవ దోషము, ప్రవేశముల ప్రకటనను పాత ఫాంటులో కూర్చి, ఫోటో తీసి పెట్టుట. అందులో ఒక్క అక్షరమైనను వెదకుటకు వీలుగా లేదు. ఇప్పుడు దానిని యూనికోడున వ్రాసి పెట్టితిమి. జనులు ఊరి పేరును షోలాపురమనియు, షోలాపూరనియు, సోలాపూరనియు పలువిధముల వ్రాయుదురు గనుక, ఆ రూపములు సహజముగా వాక్యములలో వచ్చునట్లు చూచితిమి.

చివర ఒక బాలుడడిగిన ప్రశ్న మమ్ము నిలువరించినది: "అన్నియు కనబడవలసినదేనా?" కాదు నాయనా. కనబడరానివియు ఉన్నవి. పిల్లల పుట్టినతేదీలు, ఇంటి చిరునామాలు, తలిదండ్రుల ఫోను సంఖ్యలు, మార్కుల పట్టీలు బహిరంగముగా పెట్టరాదు. మెనూలో దారి లేదు గనుక ఎవరికిని దొరకదనుకొనుట భ్రమ. చిరునామా తెలిసినవాడు ఎవడైనను ఆ ఫైలును తెరువగలడు. దారి వేయకుండుట వేరు, తాళము వేయుట వేరు. 2023 లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల అనుమతి యుండవలెనని చెప్పుచున్నది. చట్టమట్లుండగా, మన ఇంటి ఆడపిల్ల ఫోటోను ఆమె తల్లి నడుగక వీధి గోడకు అంటింతుమా? పాత ఫలితముల పట్టీ నొకదానిని మేము ఈ ప్రశ్న తరువాతనే తొలగించితిమి. పిల్లవాడు మాకు నేర్పినాడని ఒప్పుకొనుటకు సంకోచింపము.

మహాజనులారా, అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను నెలకొల్పుకొని నడపుకొను హక్కును రాజ్యాంగపు 30 వ అధికరణము ఇచ్చినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956 లో చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కును నమ్మి మన పెద్దలు కూలిడబ్బులలో మిగిల్చి ఈ గోడలు కట్టినారు. అట్టి బడి ఉన్నదని ఒక తల్లికి తెలియకుండ చేసినది ప్రభుత్వము కాదు, పొరుగు భాష కాదు; మేము తీయ మరచిన ఒక టిక్కు, మార్చ మరచిన ఒక స్థితి.

ఆ పాప ఇప్పుడు మరాఠీ బడిలో చక్కగా చదువుచున్నది. అందుకు మేము విచారింపము. మరాఠీ మనకు అన్నము పెట్టిన నేల భాష. ఎన్నుకొను అవకాశము ఆ తల్లికి లేకపోవుటయే మా విచారము. ఆమె చిన్న కొడుకునకు ఇప్పుడు మూడేండ్లు. దోషములు సరిచేసిన కొన్ని వారములకు అదే మరిది కొడుకు అదే ఫోనులో వెదకి, మన పుట వచ్చినదని మాకు చూపెను. ఆ బిడ్డను ఎచ్చట చేర్పవలెనో ఆమె నిర్ణయించుకొనును. ఈసారి తెలిసి నిర్ణయించుకొనును.

సంఘమువారికి మా మనవి రెండే. ప్రతి తరగతియు ఒక పుటను దత్తత తీసికొని, నెలకొకసారి పొరుగువారి ఫోనులో పరీక్షింపవలెను. ప్రతి పూర్వవిద్యార్థియు పాత సంచికలలోని ఒక్క వ్యాసమునైనను యూనికోడున టైపుచేసి ఈయవలెను. బడి అలమారలో నున్న ఆ సంచికలలో మన తాతల వ్రాతలున్నవి. అవి కాగితముతో పాటు పసుపెక్కుచున్నవి. వచ్చువారము నుండి ప్రతి శనివారము సాయంకాలము మేము కంప్యూటరు గదిలో ఉందుము. టైపు రానివారికి నేర్పెదము. రాగలవారందరును రావలెనని కోరుచున్నాము.